తాళం మీది, సలహా మాది

నెలగంట పట్టగానే తెలుగునాట మూడు దిగుతాయి: చలి, ముగ్గుపిండి, పోలీసువారి హెచ్చరిక. మొదటి రెండూ ఏటికేడు పలచబడుతున్నాయి గానీ మూడోది చిక్కబడుతోంది. 'పండక్కి ఊరెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు తప్పనిసరి' అంటూ ఒక రంగుల కార్డు ఫోనులో వాలుతుంది. పైన వరసగా అధికారుల ఫొటోలు, హోదాని బట్టి సైజు. చుట్టూ గాలిపటాలు, ఓ మూల గంగిరెద్దు, కింద దొంగ బొమ్మ. ఆ దొంగకి కళ్ళకు నల్లగుడ్డ, ఒంటికి చారల బనీను, భుజాన గోతాం. అసలు దొంగ ఈపాటికి కొరియర్ పార్సిల్ పేరు చెప్పి ఫోన్‌లోనే మన ఖాతా ఊడ్చేశాడు. కార్డులో దొంగ మాత్రం ఇంకా పిట్టగోడ దూకుతూనే ఉన్నాడు.

ఇక జాగ్రత్తలు. తాళం కనపడకుండా గుమ్మానికి పరదా వేయండి. వరండాలో లైటు వెలుగుతూ ఉంచండి. పాలూ పేపరూ ఆపించండి. పనిమనిషి చేత రోజూ వాకిలి ఊడిపించి ముగ్గు పెట్టించండి. బంగారం లాకరులో పెట్టండి. డబ్బు ఇంట్లో ఉంచకండి. బండికి వీల్‌లాక్ వేయండి. ఊరెళ్తున్నట్టు స్టేటస్ పెట్టకండి. పక్కింటివాళ్ళకి చెప్పండి. స్టేషన్లో చెప్పండి. కెమెరా పెట్టుకోండి, అలారం పెట్టుకోండి, సెంట్రల్ లాకింగ్ పెట్టుకోండి, కుదిరితే వాచ్‌మన్‌ని పెట్టుకోండి.

ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. మన నాయనమ్మలు కూడా ఇవే చెప్పేవారు, జీతం తీసుకోకుండా. ఇన్ని పనుల మధ్య పోలీసువారు చేసే పని ఏదైనా ఉందా అని కార్డు అటూ ఇటూ జరిపి వెతికితే, అట్టడుగున చిన్న అక్షరాల్లో దొరికింది: 'పోలీసులకు సహకరించండి.' అంటే వారి వంతు పని, మన సహకారం అందుకోవడం.

న్యాయంగా మాట్లాడాలంటే ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం ఒక ఏర్పాటు చేశారు. లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ దాని పేరు. యాప్‌లో నమోదు చేసుకుంటే సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల ఎవరు కదిలినా కంట్రోల్ రూముకి కబురు వెళ్తుంది. మంచి ఆలోచన, వెక్కిరించడానికి లేదు. కాకపోతే భోగికి ముందు రెండు రోజుల్లో ఎన్ని ఇళ్ళకి తాళాలు పడతాయో చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు బారులు తీరిన కార్లే చెప్తాయి. స్టేషన్ బీరువాలో అలాంటి కెమెరాలు ఎన్నున్నాయో మాత్రం రైటరు చెప్పాలి.

కార్డుల్ని నమ్మే మేష్టారొకాయన చెప్పి వెళ్దామని స్టేషను మెట్లెక్కారనుకోండి.

"ఏం కావాలండీ?"

"ఊరెళ్తున్నామండి. చెప్పి వెళ్ళమన్నారు కదా."

"ఎవరన్నారు?"

"మీరేనండి. వాట్సాప్‌లో."

"అది పైనించి వస్తదండి, మాకేం తెలుసు. సర్లే, ఓ కాయితం మీద రాసివ్వండి. ఇంట్లో కెమెరా ఉందా?"

"లేదండి."

"మరి మేం ఎట్టా చూడాలండీ?"

"రాత్రిపూట బీటు కానిస్టేబుల్ ఓసారి మా వీధిలోకి వస్తే..."

"బీటువోళ్ళంతా బందోబస్తుకి పోయారు మేష్టారూ."

"ఎక్కడికి?"

"కోడిపందేలు జరక్కుండా చూడ్డానికి."

అక్కడ ఇక మేష్టారికి మాట్లాడ్డానికేం లేదు. ఆ బందోబస్తు కథ మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కోస్తాలో సంక్రాంతికి పది రోజుల ముందునుంచీ ఆటోల మీద మైకులు తిరుగుతాయి. కోడిపందేలు, గుండాట, పేకాట చట్టరీత్యా నేరం, ఆడినా ఆడించినా స్థలం ఇచ్చినా కఠిన చర్యలు. నిషేధాజ్ఞలు పెడతారు. వాటిని నిన్నటిదాకా నూటనలభైనాలుగో సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో నూట అరవైమూడు అంటున్నాం. అంకె మారింది, గుమిగూడే జనం మారలేదు. పాత పందెగాళ్ళని పిలిచి బైండోవర్ చేస్తారు. కత్తులు కట్టేవాళ్ళ దగ్గర కత్తులు పట్టుకుని, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పేర్చి, వెనక నిలబడి ఫొటో దిగుతారు. పొలాల్లో చదును చేసిన బరుల్ని ట్రాక్టరుతో దున్నిస్తారు, అదీ ఫొటోతోనే.

భోగి తెల్లవారుతుంది. దున్నిన బరి మళ్ళీ చదునై ఉంటుంది. ఎవరు చదును చేశారో ఊళ్ళో ఎవరికీ తెలీదు. షామియానాలు, గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు, పందెం దగ్గరగా చూపించే పెద్ద తెరలు, బిర్యానీ కొట్లు, పార్కింగుకి కర్రలు పాతిన తోటలు. ప్రజాప్రతినిధి వచ్చి చంకలో డేగ పుంజునో నెమలి పుంజునో పెట్టుకుని, సంప్రదాయం గొప్పతనం గురించి నాలుగు ముక్కలు చెప్పి, పుంజుని బరిలోకి వదులుతాడు. ఈ సంబరం మూడు రోజులు సాగుతుంది. కనుమ సాయంత్రానికి అయిపోతుంది. ముక్కనుమ నాడు పోలీసులకి మళ్ళీ చట్టం గుర్తొస్తుంది. కొన్ని కేసులు కడతారు. సీజ్ చేసిన పుంజుల్ని స్టేషను ఆవరణలో కట్టేసి మేత వేస్తారు. లోకం మీద అన్నింటికన్నా పద్ధతిగా సాగే రిమాండు ఆ పుంజులదే.

చట్టం లేక కాదు. 1974 నాటి జూద చట్టం ఉంది. అంతకన్నా పాతది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. దాని పదకొండో సెక్షన్ ప్రకారం జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పితే, పోట్లాటలు ఏర్పాటు చేస్తే, మొదటి తప్పుకి జరిమానా పది రూపాయలకి తగ్గకూడదు, యాభై రూపాయలు మించకూడదు. అచ్చుతప్పు కాదు, అక్షరాలా పది రూపాయలు. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే పాతిక నించి వంద, లేదా మూడు నెలల దాకా జైలు. పందెం పుంజుకి పొద్దున్నే పెట్టే బాదంపప్పు ఖరీదు ఇంతకన్నా ఎక్కువ. 'కఠిన చర్యలు' అని మైకులో అరుస్తూ తిరిగే ఆటో డీజిలు దీనికి ఎన్నో రెట్లు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఈ పందేల్ని ఆపితీరాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటినుంచి వచ్చిన ప్రతి సంక్రాంతికీ పందేలు జరిగాయి, ప్రతి సంక్రాంతికీ హెచ్చరికా జరిగింది. భోగిమంట, గొబ్బెమ్మ, హరిదాసు, హెచ్చరిక: పండగ ముచ్చట్లలో ఇప్పుడిది కూడా ఒకటి. ఏ ఏడైనా పోలీసులు హెచ్చరించడం మర్చిపోతే ఈసారి పందేలు లేవేమోనని జనం కంగారుపడతారు.

హైదరాబాదులో ఇదే పండక్కి ఇంకో హెచ్చరిక. బైకు మీద వెళ్ళేవాళ్ళు మెడకి మఫ్లరు చుట్టుకోండి, హెల్మెట్ అద్దం దించుకోండి, ఫ్లైఓవర్ల మీద నెమ్మదిగా వెళ్ళండి. ఎందుకయ్యా అంటే చైనా మాంజా. పేరు చైనాది గానీ ఊరు మనదే. నైలాను దారానికి గాజుపొడి పూసి మన దేశంలోనే చేస్తారు. తెలంగాణ ప్రభుత్వం దాన్ని 2016 జనవరిలోనే నిషేధించింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశమంతా నిషేధించింది. 2024 జనవరి 13న లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైకుపై ఇంటికి వెళ్తున్న ఒక సైనికుడి గొంతు ఆ దారానికి తెగింది. ఆయన చనిపోయాడు. నిషేధం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఆ తర్వాత వారం తనిఖీలు ముమ్మరం. దుకాణాల మీద దాడులు, కట్టలు కట్టలు స్వాధీనం, మళ్ళీ బల్ల, మళ్ళీ తెల్లగుడ్డ, మళ్ళీ ఫొటో. కానీ మాంజా జనవరి పదో తారీకున ఆకాశంలోంచి ఊడిపడే సరుకు కాదు. అది ఎక్కడో తయారవుతుంది, లారీ ఎక్కుతుంది, సరిహద్దు చెక్‌పోస్టు దాటుతుంది, గోదాములో దసరా నాటికే దిగుతుంది, యాప్‌లో ఫొటోతో సహా అమ్ముడుపోతుంది. ఆ దారి పొడుగునా దాన్ని పట్టుకునే అవకాశం పోలీసుకి ఉంది. దారి చివర దాన్ని తప్పించుకునే అవకాశం మెడకి ఒక్కసారే వస్తుంది. అయినా మఫ్లరు చుట్టుకోమని చెప్తున్నది మెడకే.

మిగిలిన ఋతువులు త్వరగా దాటేద్దాం.

డిసెంబరు 31 రాత్రి మందుషాపులు పన్నెండు దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని తెలంగాణలో ఎక్సైజు శాఖ ఉత్తర్వు ఇస్తుంది. అదే రాత్రి అదే రోడ్డు మీద పోలీసు శాఖ గొట్టం పట్టుకుని నిలబడుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే పదివేల దాకా జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు. తాగి నడిపేవాణ్ణి పట్టుకోవద్దని ఎవరూ అనరు, పట్టుకోవాల్సిందే. ఒక శాఖ పోస్తుంది, ఒక శాఖ ఊదిస్తుంది, రెండు చేతుల రాబడీ ఒకే ఖజానాలో పడుతుంది. ఈ సమన్వయం మిగతా శాఖల మధ్య కూడా ఉంటే ఎంత బాగుండు!

పెళ్ళిళ్ళ కాలంలో ఆడవాళ్ళకి ప్రత్యేక హెచ్చరిక: శుభకార్యాలకు వెళ్ళేటప్పుడు నగలు వేసుకోకండి, వేసుకుంటే కొంగు కప్పుకోండి. తెలుగింటి పెళ్ళికి బోసిమెడతో వెళ్ళిన ఇల్లాలిని చుట్టాలు అడిగే ప్రశ్నలు ఏ సీఐ కూడా ఏ దొంగనీ అడిగి ఉండడు. ఈ సంగతి హెచ్చరిక రాసినాయనకి తెలీక కాదు, ఆయన ఇంట్లోనూ పెళ్ళిళ్ళు జరుగుతాయి.

ఎండలు ముదిరాక డాబా మీద పడుకునేవాళ్ళు కింద తలుపులు వేసుకోవాలి, పిల్లల్ని చెరువులకీ వాగులకీ పంపకూడదు. రెండోది నిజంగా ప్రాణాల మీది మాట. వేసవి సెలవుల్లో ఈతకెళ్ళిన పిల్లలు గుంతల్లో మునిగిపోయిన వార్త రాని ఏడు లేదు. కానీ ఆ గుంతలేమిటో ఒక్కసారి చూడండి. ఏటి మధ్య ఇసుక తోడేసి వదిలిన గుంతలు, చెరువులో మట్టి తవ్వి వదిలిన గుంతలు, గుట్ట పక్కన రాయి తీసి వదిలిన గుంతలు. కంచె ఉండదు, బోర్డు ఉండదు. వాటిని తవ్విన పొక్లెయిన్లు రాత్రిపూట తవ్వాయి, నింపుకున్న టిప్పర్లు ఏదో ఒక స్టేషను ముందునుంచే పోయాయి. టిప్పరుకి చెప్పాల్సిన మాట తల్లిదండ్రులకి చెప్తున్నారు.

వినాయక చవితికి అనుమతి పత్రం మీద షరతులు బారెడు. రాత్రి పది తర్వాత మైకు వద్దన్న నియమం 2000 సంవత్సరం నుంచీ దేశమంతా ఉంది. ఊరేగింపుల్లో డీజేలు వద్దని హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో ప్రత్యేకంగా ఉత్తర్వులిచ్చారు, మంచి పని చేశారు. మిగతా ఊళ్ళలో నిమజ్జనం రాత్రి ఒంటిగంటకి డీజే బండి పక్కన చెవుల్లో దూది పెట్టుకుని నడిచే కానిస్టేబుల్‌ని చూస్తే మాత్రం కోపం రాదు, జాలేస్తుంది.

ఇక్కడ ఒక మాట పక్కకి జరిగి చెప్పుకోవాలి. ఈ వ్యాసం ఆ కానిస్టేబుల్ మీద కాదు. సంక్రాంతికి ఊరెళ్ళనిది ఆయన, దీపావళికి పిల్లల పక్కన లేనిది ఆయన, బోనాలకీ మొహర్రానికీ ఎన్నికలకీ రోడ్డు మీద నిలబడేది ఆయన. ఆయనింటికి తాళం పడితే చెప్పుకోడానికి ఆయనకి స్టేషను కూడా లేదు, ఆయనే స్టేషను. తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు 2024 అక్టోబరులో, మా మొగుళ్ళని కాస్త ఇంటికి పంపండి మహాప్రభో అని రోడ్డెక్కారు. వాళ్ళ గోడుకి వచ్చిన జవాబు కానిస్టేబుళ్ళ సస్పెన్షన్లు, డిస్మిస్సులు. కార్డు మీద ఫొటో వేయించుకునేవారికీ, ఎండలో నిలబడేవారికీ మధ్య ఉన్న దూరం అంత.

బీటుకి మనుషులు చాలరన్నది నిజమే. మరి ఉన్నవాళ్ళు ఎక్కడ ఉన్నారు? వీధికొక బీటు లేని ఊళ్ళోనే ఒక మాజీ ప్రజాప్రతినిధి ఇంటి ముందు నీలంరంగు డేరా, అందులో నలుగురు, నలుగురికీ తుపాకులు. టూ ప్లస్ టూ అంటారు దాన్ని, ఎక్కాల పుస్తకంలో లేని ఎక్కం. ఆయన పండక్కి ఊరెళ్తే పరదా వేయక్కర్లేదు, లైటు వెలిగించక్కర్లేదు, పాలు ఆపించక్కర్లేదు. స్టేటస్ కూడా నిక్షేపంగా పెట్టుకోవచ్చు. పుంజుతో సహా.

అసలు హెచ్చరిక ఉపయోగమేమిటో దొంగతనం జరిగాకే తెలుస్తుంది. మన మేష్టారు పండగ నుంచి తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉందనుకోండి. పరుగున స్టేషనుకి వెళ్తారు. అప్పుడు ఆ కార్డు ప్రశ్నపత్రంగా మారుతుంది. బంగారం లాకర్లో ఎందుకు పెట్టలేదు? కెమెరా ఎందుకు పెట్టుకోలేదు? పాలు ఆపించారా? పక్కింటివాళ్ళకి చెప్పారా? పనిమనిషి మీద అనుమానముందా? ఇంట్లోవాళ్ళ మీద? బిల్లులున్నాయా? పావుగంటలో మేష్టారికి తన మీదే అనుమానం వస్తుంది. దొంగ చేసింది నేరం, మేష్టారు చేసింది నిర్లక్ష్యం. దొంగ దొరకలేదు, మేష్టారు ఎదురుగా ఉన్నారు.

అదీ దీని అసలు పని. హెచ్చరిక అంటే శాఖవారు పండక్కి ముందే తీసుకుని పెట్టుకునే ముందస్తు బెయిలు. రేపు ఏది జరిగినా 'మేం ముందే చెప్పాం' అనడానికి. ఇల్లు దోచుకుంటే చెప్పాం, గొంతు తెగితే చెప్పాం, పిల్లాడు మునిగితే చెప్పాం. చెప్పడంతో వారి బాధ్యత తీరింది, వినకపోవడంతో మన నేరం మొదలైంది.

పోలీసులకీ కొందరు హెచ్చరికలు చెప్పారు, వాట్సాప్‌లో కాదు. 2013 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లలితకుమారి కేసులో తేల్చి చెప్పింది: వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగిందని ఫిర్యాదులో ఉంటే ఎఫ్ఐఆర్ కట్టితీరాలి, కట్టనివారి మీద చర్య తీసుకోవాలి. 2024 జులై 1న వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇంకా ముందుకెళ్ళింది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెడితే చాలు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా చేతికివ్వాలి.

ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని 'ఏ స్టేషన్లోనూ ఎవరికీ గుర్తు చేయకండి' అని ఎవరైనా ఉత్తర్వు ఇచ్చారేమో తెలీదు గానీ, బస్సులో ఫోను కొట్టేశారని వెళ్ళినవాడికి ఇప్పటికీ దొరికే సలహా ఒకటే: "కొట్టేశారని ఎందుకండీ, పోయిందని రాయండి. సిమ్ము తీసుకోడానికి పనికొస్తుంది." ఆ ఒక్క మాట మారిస్తే ఊళ్ళో దొంగతనం ఒకటి తగ్గుతుంది. ఏడాది చివర ప్రెస్‌మీట్‌లో 'నేరాలు తగ్గుముఖం' అని చెప్పే తెరమీద ఆ ఫోను కూడా ఒక గీత. 'ఇది మా పరిధి కాదు' అనే మాట మాత్రం 173వ సెక్షన్ వచ్చాక కూడా ఏ సెక్షనూ లేకుండానే అమలవుతోంది. ఆన్‌లైన్ మోసానికి 1930కి వెంటనే ఫోన్ చేయమని కార్డులు చెప్తాయి. ఆ నంబరు మంచిదే, తొందరగా చేస్తే డబ్బు ఆగుతుంది కూడా. ఆ తర్వాత కేసు కట్టించుకోడానికి తిరిగే స్టేషన్లకి మాత్రం హెల్ప్‌లైన్ లేదు.

అన్ని సలహాలకీ మహారాజు కెమెరా. ఒక్క సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానమని ఏళ్ళ తరబడి మన పోలీసులే ఊరూరా బోర్డులు పెట్టి చెప్పారు. జనం జేబుల్లోంచి తీసిన డబ్బుతో కాలనీల్లో కెమెరాలు పెట్టించే 'నేను సైతం' పథకం హైదరాబాదులో పెద్ద ఎత్తున నడిచింది. జనం వచ్చిపోయే దుకాణాలూ ఆసుపత్రులూ హాళ్ళూ కెమెరాలు పెట్టితీరాలని 2013లో చట్టమే వచ్చింది. సరే, పెట్టుకున్నాం. నలభై కెమెరాల కాలనీ అంటే వారి లెక్క ప్రకారం నాలుగు వేలమంది పోలీసులు. నాలుగు వేలమంది కళ్ళప్పగించి చూస్తుండగా సందు మొగలో గొలుసు తెంపుకుపోతే, మర్నాడు హెడ్డు వచ్చి, "ఫుటేజీ మీరే తీసి పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి, పెన్‌డ్రైవ్ కూడా మీదే" అంటాడు.

2023 జనవరి చివర్లో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం అనుమానంతో ఒక దినసరి కూలీని పట్టుకెళ్ళారు. కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయన్నది అనుమానం. స్టేషన్లో తనని కొట్టారని ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు, హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. వీధిలో కెమెరా ఆయన పోలికని పట్టింది. స్టేషన్ లోపల ఏం జరిగిందో చెప్పాల్సింది కూడా కెమెరానే కదా.

అక్కడికే వస్తున్నాను. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఇచ్చిన తీర్పు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి స్టేషనుకీ వర్తిస్తుంది. ప్రతి పోలీసు స్టేషన్లో, వచ్చే దారిలో, పోయే దారిలో, లాకప్పుల్లో, వరండాల్లో, అధికారుల గదుల్లో కెమెరాలుండాలి. చీకట్లోనూ కనపడాలి, మాట కూడా వినపడాలి. రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలి, వీలుకాకపోతే ఏడాదికి తగ్గకుండా. దాదాపు అయిదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, రాజస్థాన్ కస్టడీ మరణాల వార్త చూసి, స్టేషన్లలో కెమెరాలు పనిచేయకపోవడం మీద అదే కోర్టు మళ్ళీ తనంతట తానే విచారణ మొదలుపెట్టాల్సి వచ్చింది. మన వీధి కెమెరా వందమంది పోలీసులతో సమానం. వారి స్టేషన్ కెమెరా ఎందరితో సమానమో ఏ బోర్డూ చెప్పదు.

ఆ తీర్పులో ఇంకొకటి ఉంది. ప్రతి స్టేషను గుమ్మంలోనూ లోపలా, స్థానిక భాషలో, పెద్ద అక్షరాలతో, అందరికీ కనపడేలా ఒక బోర్డు పెట్టాలి. ఇక్కడ కెమెరాలు పనిచేస్తున్నాయని, లోపల ఎవరి హక్కులకైనా భంగం కలిగితే ఫిర్యాదు చేసే హక్కు ఉందని, ఆ ఫుటేజీ భద్రపరచాలని దాని మీద రాయాలి. జనానికి సలహాలివ్వడంలో ఇంత చేయి తిరిగిన శాఖకి ఒక్క బోర్డు రాయించడం ఎంత పని? పరదా గురించి రాశారు, పాలపాకెట్ల గురించి రాశారు, ముగ్గు గురించి కూడా రాశారు.

కాబట్టి చదువరులకి నాదీ ఒక పండగ సూచన. ఈసారి ఊరెళ్ళే ముందు స్టేషన్లో చెప్పి వెళ్ళండి, వారు చెప్పినట్టే. వెళ్ళినప్పుడు గుమ్మంలో ఆ బోర్డు తెలుగులో ఉందేమో చూడండి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి: ఈ స్టేషన్లో కెమెరాలెన్ని, ఈరోజు పనిచేస్తున్నవెన్ని, ఎన్ని నెలల రికార్డు ఉంది, బోర్డు ఎప్పుడు పెడతారు. ఫీజు మహా అయితే పది రూపాయలు, కోడిపందేనికి కనీస జరిమానా ఎంతో అంతే. 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, లాకర్లో అయినా సరే.